తినే మగవారికీ చెప్పండి

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ డైరెక్టరు గారికి, అక్కడి శాస్త్రవేత్తలందరికీ,

2024 మే నెలలో మీరు భారతీయుల ఆహార మార్గదర్శకాలను సవరించి విడుదల చేశారు. మొత్తం 17 సూచనలు. వాటితోపాటు ఒక పళ్లెం లెక్క కూడా ఇచ్చారు. రోజుకు 2,000 కేలరీలు చాలే మనిషి ఏమేం తినాలో, ఎంతెంత తినాలో అందులో ఉంది. ఆకుకూరలు, కూరగాయలు కలిపి 400 గ్రాములు, పళ్లు 100, బియ్యం గోధుమ చిరుధాన్యాలు 250, పప్పులైనా గుడ్లు మాంసమైనా 85, గింజలు 35, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు. ఆ పళ్లెం నాకు రాజమహేంద్రవరంలో, మా ఇంట్లో రోజూ అందుతోంది. వండి వడ్డించేది మా వారు. ఆ తిండి ఎలా ఉంటుందో మీకు కాస్త వివరంగా చెప్పి, ఆ మీదట మిమ్మల్ని ఒకటి అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

400 గ్రాములన్నది కాగితం మీద చిన్న అంకె. వంటింట్లో అది పెద్ద పని. మా ఇద్దరికీ కలిపి రోజుకు ముప్పాతిక కిలో పైమాటే. ఒక పెద్ద తోటకూర కట్ట, రెండు లేత బీరకాయలు, పావుకిలో దొండకాయలో బెండకాయలో, ఆ పైన పచ్చి ఉల్లిపాయ, కీరా దోసకాయ ముక్కలు చేరితే గాని ఆ లెక్క నిండదు. ఇవన్నీ కొనాలి, ఏరాలి, కడగాలి, తరగాలి, వండాలి. మన తెలుగు కంచంలో మొదటి నుంచీ అన్నానిదే పెత్తనం. మధ్యన అన్నం గుట్ట, ఓ పక్కన గరిటెడు కూర. ఆ గరిటెడు కూరతో అంత అన్నం లోపలికి వెళ్లాలంటే అందులో ఉప్పూ కారం నూనే దండిగా పడాలి. మా వారు ఈ వరస తిరగేశారు. మా ఇంట్లో ముందు కూర గిన్నె వస్తుంది. వట్టి కూర కాస్త తిన్నాకే అన్నం. కూర ఎక్కువ తినాలి కాబట్టి ఉప్పూ కారం వాటంతట అవే తగ్గాయి. తగ్గినకొద్దీ బీరకాయ బీరకాయలా, పొట్లకాయ పొట్లకాయలా నాలుకకు తెలియడం మొదలైంది. నేతి బీరకాయకున్న కమ్మదనం ఎర్రటి కారంలో మునిగితే ఎవరికి తెలుస్తుంది?

పొద్దున్నే రైతు బజారుకు ఆయనే వెళతారు. గోదావరి పక్కన ఉన్నవాళ్లకు లంక కూరగాయల విలువ వేరే చెప్పనక్కర్లేదు. ఇటు సీతానగరం వైపు నుంచి, అటు ఆనకట్ట దాటి బొబ్బర్లంక వైపు నుంచి ఒండ్రుమట్టిలో పండిన వంకాయలు, దొండకాయలు, చిక్కుళ్లు, అరటికాయలు వస్తాయి. ఆయన చేతికి ఇప్పుడు వాటి గుణం తెలుసు. వంకాయ బరువుగా ఉంటే గింజ ముదిరిందని పక్కన పెడతారు. బెండకాయ కొస విరిచి చూస్తారు, టక్కున విరిగితేనే సంచిలో పడుతుంది. ఆకుకూర అమ్మే ఆవిడను ఈ కట్ట ఎప్పుడు కోసిందో అడుగుతారు. నిన్న సాయంత్రం కోసిందయితే వెంటనే వండాలి, తెల్లవారుజామున కోసిందయితే రేపటికీ ఆగుతుంది. ఆమె కూడా ఆయనకు నిజమే చెబుతుంది. రోజూ కొనేవాడితో అబద్ధం ఆడితే మర్నాడు మొహం చూడాలి కదా.

ఋతువు మారితే మా కంచం మారుతుంది. ఎండలు ముదరక ముందే చింతచిగురు పప్పు. వేసవిలో ఏజెన్సీ నుంచి పనసకాయలు దిగుతాయి. పనసపొట్టు కొట్టడం మా ఊళ్లో ఒక పనితనం. కత్తితో సన్నగా, ఒకే తీరుగా కొట్టి ఇచ్చేవాళ్లు బజారులోనే ఉంటారు. దాన్ని ఉడికించి, చింతపండు పులుసు పట్టించి, పోపు పెట్టి, పొయ్యి మీంచి దించాక ఆవముద్ద కలపాలి. పొయ్యి మీద ఉండగానే కలిపితే ఆవ చేదెక్కుతుంది. ఆషాఢంలో మునగాకు. శ్రావణ భాద్రపదాల్లో గోదావరికి వరదొస్తే లంకలు మునుగుతాయి, ఆకుకూరకు మొహం వాచిపోతాం. అప్పుడు మా వంటింటికి కంద, చేమ, గుమ్మడి, అరటికాయ దిక్కు. కార్తీకంలో కంద బచ్చలి. చలికాలమంతా చిక్కుళ్లు, కొత్తిమీర, ఉసిరికాయ. శివరాత్రి దాటితే ములక్కాడలు. ఇన్నేళ్ల నా కాపురంలో నేనూ ఇవన్నీ వండాను. కానీ ఉద్యోగానికి పరుగెత్తే పొద్దున పూట ఏది తొందరగా ఉడుకుతుందో అదే వండాను. బంగాళాదుంప, వంకాయ, టమోటా, మళ్లీ బంగాళాదుంప. ఆ రోజుల్లో నాకు ఋతువులు క్యాలెండరులోనే కనబడేవి.

మీ 17 సూచనల్లో ఒకటి వండే పద్ధతుల గురించి. ఆ పుటలు మా వంటింటికి బాగా పనికొచ్చాయి. కూరగాయలు కడిగాకే తరగాలి, తరిగాక నీళ్లలో నానబెట్టకూడదు, ఉడికిన నీళ్లు పారబోయకూడదు, మూత పెట్టి వండాలి అని రాశారు. మా వారు వీటిని ఎంత పట్టింపుగా పాటిస్తారంటే, తోటకూర ఉడికించిన నీళ్లు మర్చిపోయి వంపితే ఆ పూటంతా నాకు ఆ సంగతి వినిపిస్తుంది. ఆ నీళ్లతోనే పప్పు పలచన చేస్తారు, లేకపోతే చారులో పోస్తారు. తోటకూర కాడలు పీచు తీసి, చిటికెడు బెల్లం వేసి, బియ్యప్పిండి కలిపి పులుసు పెడతారు. బీరకాయ చెక్కులు పారెయ్యరు. పచ్చిమిరపకాయలతో కాస్త నూనెలో మగ్గనిచ్చి, చింతపండు చేర్చి రోట్లో కచ్చాపచ్చాగా నూరితే ఆ పచ్చడికి సాటి లేదు. ఆకుకూరకు పోపు తప్పనిసరి, ఎందుకంటే అందులోని బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు తోడుండాలి. తినబోయే ముందు నిమ్మకాయ పిండుతారు, ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టడానికి సి విటమిన్ సాయం కావాలి. భోజనం కాగానే కాఫీ తాగే అలవాటు నాకు ఉండేది. కాఫీ టీల్లోని టానిన్లు ఇనుమును ఒంటబట్టనివ్వవని మీరు రాసిన మాట చూపించి, దాన్ని గంట వెనక్కి జరిపారు. మా అత్తగారు ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ ఎందుకు పిండేదో, నెయ్యి చుక్క ఎందుకు వేసేదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మీరు చెప్పారు. అందుకు మీకు రుణపడి ఉన్నాను.

నూనె సంగతి కూడా చెప్పాలి. మనిషికి రోజుకు 27 గ్రాములంటే ఇద్దరికి నెలకు రెండు లీటర్ల లోపు, అదీ నెయ్యితో కలిపి. వేపుళ్ల ఇంట పుట్టి పెరిగినదాన్ని, ఇది కుదిరే పని కాదనుకున్నాను. కుదిరింది. మూకుడు మారింది, మంట తగ్గింది, మూత పడింది. దొండకాయలు నిలువుగా చీరి, ఆవిరి మీద సగం ఉడికించి, చెంచాడు నూనెలో మగ్గబెట్టి, చివర వేరుశనగ నువ్వుల పొడి చల్లితే, నూనెలో మునకలేసిన వేపుడు గుర్తుకు రాదు. ఆ పొడిలో మీరు చెప్పిన గింజల వాటా కూడా కొంత పడిపోతుంది. ఆదివారం బొచ్చె చేపో, కొర్రమీనో దొరికితే పులుసే, వేపుడు లేదు. మట్టి దాకలో రాత్రి పెట్టిన చేపల పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుందని గోదావరి వాళ్లకు నేను చెప్పేదేమిటి?

ఇక అన్నం. మీ సంస్థకూ మా తీరానికీ పాత చుట్టరికం ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో మొదలుపెట్టింది బెరిబెరి వ్యాధి మీద పరిశోధన. బి1 విటమిన్ కొరవడితే వచ్చే జబ్బు అది. మరపట్టి తెల్లగా చేసిన పచ్చిబియ్యం తినేవాళ్ల మీద పడేది. ఉత్తర సర్కారులని అప్పట్లో పిలిచిన మా కోస్తా జిల్లాలు ఆ జబ్బుకు పేరుపడిన చోట్లు. ఉప్పుడు బియ్యం తినేవాళ్లలో అది అంతగా కనబడలేదు, ఎందుకంటే వడ్లు ఉడకబెట్టినప్పుడు తవుడులోని విటమిన్ గింజలోకి ఇంకుతుంది. ఆ పరిశోధనశాలే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు చేరి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. మా తాతల కాళ్లు వాచి, నరాలు చచ్చుబడిన రోజుల్లో, జబ్బు మూలం కంచంలోని తెల్లటి అన్నంలో ఉందని తేల్చిన విద్యకు మీరు వారసులు. ఆ గౌరవంతోనే మా ఇంట్లో మీ మాటకు విలువ. మా వారు సింగిల్ పాలిష్ బియ్యం తెస్తారు. ఎక్కువసార్లు కడగరు, గంజి వార్చరు, అత్తెసరు పెడతారు. ఎండాకాలం పొద్దున్న ఒక్కోసారి తరవాణి. వాళ్లమ్మ కుండలో పులియబెట్టిన తీరునే ఆయనా పెడతారు.

ఇంత చెప్పాక, అసలు ఆయన గరిటె ఎందుకు పట్టారో చెప్పాలి. నేను అడగబోయేదానికి మూలం అక్కడుంది.

ఆయనకు బీపీ, చక్కెర రెండూ ఒకేసారి బయటపడ్డాయి. ఓ ఆసుపత్రిలో ఆహార సలహా ఇచ్చే గదికి పంపారు. జబ్బు ఆయనది. కుర్చీలో కూర్చున్నదీ ఆయనే. ఆయన వెనకాల చేతిసంచితో నిలబడ్డాను నేను. సలహా చెప్పే అమ్మాయి కాగితం తీసి, ఆయన తల మీదుగా చెయ్యి చాచి నాకిచ్చింది. "అమ్మా, ఇకనుంచి సార్‌కి ఇలా వండిపెట్టండి. ఉప్పు తగ్గించండి, నూనె తగ్గించండి, కూరలు పెంచండి" అంది. ఆ పిల్ల తప్పు ఇందులో ఏమీ లేదు, అలా చెప్పడమే లోకరీతి. నేను తలూపాను. మా వారు ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, "తినేవాణ్ని నేను కదమ్మా, నాకు చెప్పు" అన్నారు. ఆ అమ్మాయి కాసేపు తెల్లబోయి, తర్వాత నవ్వి, మొదటినుంచీ మళ్లీ ఆయనకే చెప్పింది. అప్పటికే ఆయన ఉద్యోగం అయిపోయింది, నాది ఇంకా ఉంది. ఆ సాయంత్రమే ఆయన నన్ను అడిగి పోపు పెట్టడం నేర్చుకున్నారు.

మన దేశపు మొత్తం వ్యాధి భారంలో 56.4 శాతం సరికాని తిండి వల్లేనని మీరే రాశారు. అంటే సగానికి పైగా జబ్బులకు మందు వంటింట్లో ఉంది. ఆ వంటింట్లో ఎవరున్నారు? 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా జనం రోజును ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసినవారు ఆడవారిలో నూటికి 81 మంది, మగవారిలో 26 మంది. ఆ చేసినవారిలో కూడా ఆడవారు రోజుకు 299 నిమిషాలు చేస్తే మగవారు 97 నిమిషాలు. మీ మార్గదర్శకాలు అందరికీ రాసినవే, నాకు తెలుసు. కానీ అవి మీ దగ్గర బయల్దేరి, డాక్టరు నోటి మీదుగా, పత్రికల మీదుగా, టీవీల మీదుగా వచ్చి చేరేది మాత్రం ఒక్కరి నెత్తిమీదికే. చిరుధాన్యాలు మేలంటే కొర్రలు నానబెట్టేది ఆమె. ఆకుకూర రోజూ కావాలంటే కూర్చుని ఏరేది ఆమె. బయటి తిండి మానమంటే మూడు పూటలా పొయ్యి దగ్గర నిలబడేది ఆమె. ఒక్కొక్క మంచి సలహా ఆమె రోజులోంచి మరో అరగంట పట్టుకుపోతోంది. ఉద్యోగం చేసే ఆడమనిషి ఆ అరగంట ఎక్కణ్నుంచి తెస్తుంది? తేలేక, పాపం చేస్తున్నట్టు నొచ్చుకుంటూ పిల్లలకు ప్యాకెట్ నూడుల్స్ వండిపెడుతుంది. ఆమెను ఎవరూ నిందించకూడదు.

ఇంకో సంగతి. వండే ఆడది ఆఖర్న తింటుంది. ఇది పేద ఇళ్లలోనే కాదు, మాలాంటి నెలజీతపు ఇళ్లలోనూ ఉన్నదే. అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలిన కూరతో, చల్లారిన అన్నంతో ఆమె భోజనం అయిపోతుంది. కూర అయిపోతే ఆవకాయ బద్దతో సరి. మీ పళ్లెంలోని 400 గ్రాముల్లో ఆమె వాటా ఎంతో ఆమె చెప్పదు. రక్తహీనతకు మాత్రలు రాస్తున్నాం గానీ, ఆమె కంచంలోకి కూర ఎంత వస్తోందో చూసేవాళ్లు ఏరి? మా వారు వండడం మొదలుపెట్టాకే నాకు వేడి కూర తినడం అంటే ఏమిటో తెలిసింది. ఆయన వడ్డించి, తనూ నా పక్కన కూర్చుంటారు. ఇద్దరం ఒకేసారి తింటాం. మారు వడ్డించనా అని ఆయన అడుగుతారు.

ఏళ్ల తరబడి వండిన మనిషికి తన చేతి వంట రుచించదు. పొయ్యి దగ్గర ఆ వాసనలన్నీ పీల్చి, ఉప్పు చూసి, కారం చూసి కూర్చునేసరికి ఆకలి చచ్చిపోతుంది. ఇది ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది. అందుకే ఇంకొకరు వండిపెట్టిన ముద్ద నోట్లో పెట్టుకోగానే నాకు కలిగే సుఖాన్ని దాచుకోలేను. సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే ఇంగువ పోపు వాసన ఎదురొస్తుంది. ఇవాళ ఏమిటని ఊహించుకుంటూ తలుపు తీస్తాను. కంద బచ్చలి అయితే ఆవ ఘాటు ముందే పట్టిస్తుంది. ఆయన కంద ముక్కలను మెదిపి, బచ్చలాకు జిగురంతా వాటికి పట్టేలా కలుపుతారు. పులుపూ ఘాటూ కంద కమ్మదనమూ కలిసి ఒకే రుచిగా వస్తాయి. దాని మీద నువ్వులనూనె చుక్క. ఆ పూట నాకు అన్నం తక్కువా కూర ఎక్కువా అన్న లెక్కే గుర్తు రాదు. మీ పళ్లెం దానంతట అదే నిండిపోతుంది.

ఈ రుచి మాట మీకు గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. మన జనానికి ఆరోగ్యకరమైన తిండి అనగానే పథ్యం గుర్తొస్తుంది. ఉప్పులేని ఆనపకాయ, పులుపులేని చారు, జబ్బుపడ్డ రోజుల నీరసం. ఆ భయంతోనే డాక్టరు కాగితాన్ని వారంపాటు పాటించి అవతల పడేస్తారు. మా ఇంట్లో పథ్యం లేదు. పులుపు ఉంది, ఆవఘాటు ఉంది, అల్లం ఉంది, మిరియం ఉంది, కరివేపాకు పొడి, ధనియాల పొడి, వెల్లుల్లి కారం ఉన్నాయి. ఇవన్నీ ఉప్పూ నూనె తగ్గిన చోటును నింపుతాయి. కూర ఆ పొద్దున కోసిందైతే దానికి మసాలా అవసరం సగం తగ్గుతుంది. తాజాదనమే రుచికి మూలమన్న మాట మీ శాస్త్రంలో ఎక్కడో ఒకచోట పెద్దక్షరాలతో ఉండాలని నా కోరిక. గ్రాములు చదివి ఎవరూ నోరూరించుకోరు.

మా చుట్టాల్లో కొందరు మొదట్లో నొచ్చుకున్నారు. "పాపం, రిటైరయ్యాక ఆయన చేత వండిస్తోందా" అన్నారు. మా వదినగారైతే నా మొహం మీదే అంది. నాకు బాధ కలిగిన మాట నిజం. కానీ పెళ్లిలో గాడిపొయ్యి దగ్గర వందలమందికి వండేది మగవాళ్లే. హోటల్లో ఇడ్లీ దించేదీ, మిఠాయి కొట్లో పాకం పట్టేదీ మగవాళ్లే. గొప్ప వంటకు మన పెద్దలు చెప్పే పేర్లు నలుడూ భీముడూ. ఇంత ఉండగా, తన భార్యకు తోటకూర పులుసు పెడితే మాత్రం మగవాడికి తక్కువ అని ఎవరు తేల్చారో నాకు అర్థం కాదు. వంట మగవాడికి చేతకాదన్న మాట అబద్ధం. ఇంట్లో వండడం అతని పని కాదన్న నమ్మకమే అడ్డు.

రిటైరయినవాడికి కుదురుతుంది, ఇద్దరూ ఉద్యోగాలకు పరుగెత్తే వయసులో ఎలా అని మా అల్లుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. మామగారు అతనికి చెప్పిన జవాబు మీకూ పనికొస్తుంది. రాత్రి టీవీ ముందు కూర్చుని ఆకుకూర ఏరి, పొడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. చిక్కుళ్లు ఈనె తీసి పెట్టుకోవాలి. పెసలు నానబెడితే పొద్దున పెసరట్టు, శనగలు నానబెడితే సాయంత్రం గుగ్గిళ్లు. పొడులు నెలకోసారి కొట్టుకోవాలి. పొద్దున కుక్కర్‌లో పప్పు, అన్నం, పక్క పొయ్యి మీద కూర. ఇద్దరూ నిలబడితే పని సగం సమయంలో అవుతుంది, ఒక్కరే నిలబడితే ఒకరి పొద్దంతా పోతుంది. అల్లుడు ఇప్పుడు పప్పు, చారు, రెండు మూడు కూరలు వండుతున్నాడు. మా అమ్మాయి గొంతులో తేడా నాకు ఫోనులోనే తెలుస్తోంది.

ఇక నా విన్నపం. మీ తర్వాతి పుస్తకంలో, కరపత్రంలో, ఆకాశవాణి ప్రసంగంలో, మీరు శిక్షణనిచ్చే ఆహార నిపుణుల పాఠంలో మగవాణ్ని ఉద్దేశించి మాట్లాడండి. వంట చేసే బొమ్మ వేస్తే అందులో మగవాడినీ వేయండి. ఆసుపత్రిలో కాగితం ఇచ్చేటప్పుడు దాన్ని రోగి చేతికే ఇవ్వాలని, రోగి మగవాడైతే వంట వస్తుందా అని అడగాలని, రాకపోతే ఎలా మొదలుపెట్టాలో చెప్పాలని అక్కడ సలహా చెప్పే పిల్లలకు నేర్పండి. గ్రాములతోపాటు కట్ట, గుప్పెడు, గిద్దె, చెంచా లెక్కల్లో చెప్పండి. కొత్తగా గరిటె పట్టినవాడికి త్రాసు కన్నా గుప్పెడు దగ్గర. బడుల సంగతి కూడా ఆలోచించండి. మా రాష్ట్రంలో మధ్యాహ్న భోజనానికి 2024 నుంచి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారికి అన్నం పెట్టిన ఆ తల్లి పేరుతో తినే పిల్లల్లో సగం మంది మగపిల్లలు. వాళ్లకు ఆకుకూర ఏరడం, కూర తరగడం, పప్పు ఉడికించడం పాఠంగా ఉండాలని మీలాంటివాళ్లు చెబితే ప్రభుత్వం వింటుంది, నాలాంటిదాని మాట ఎవరు వింటారు?

పత్రికలో ఈ ఉత్తరం చదివే మగవారికి కూడా ఒక మాట. మీ ఇంటావిడ ఇవాళ ఏం తిందో, ఎప్పుడు తిందో అడగండి. రేపు పొద్దున బజారుకు మీరు వెళ్లండి, తెచ్చినదాన్ని మీరే వండండి. మొదటి రోజు పాడైతే రెండో రోజు కుదురుతుంది.

అయ్యా, అమ్మా, 17 సూచనలు రాసిన మీకు మరొకటి చేర్చడం కష్టం కాదు. ఇంట్లో తినే ప్రతి పెద్ద మనిషీ, ఆడైనా మగైనా, వండడం నేర్చుకోవాలి, వంటపని పంచుకోవాలి అన్నదాన్ని వచ్చే ముద్రణలో పద్దెనిమిదో సూచనగా చేర్చండి.

ఇట్లు,
ఒక బ్యాంకు ఉద్యోగిని,
రాజమహేంద్రవరం